ఊపిరి పీల్చి చెప్పే ఔను

మంగళవారం, శుక్రవారం
ఉద్ధవ బావను బండెక్కించుకుని పలాస తీసుకెళ్తాను.
నాలుగు గంటలు అతని నెత్తురు
మిషన్లోకెళ్లి కడుక్కుని వస్తుంది.
పక్కన స్టూలు మీద నేను.
రెండు నెలల సెలవులో నా డ్యూటీ ఇదే.

"సెప్పు మరి, నీ నార్వే," అంటాడు.
"ఆ టీవీ సూసి సూసి ఇసుగొచ్చీసింది."

ఏం చెప్పను.
ఓడల యార్డులో వెల్డింగు.
ఆ ఊరి పేరు పలకడానికే నాకు నెల పట్టింది.
జూన్‌లో రాత్రి పదకొండైనా ఎండ పోదు.
కవిటివాళ్లం ఇద్దరం, సోంపేట కుర్రోడు, పోలండు ముసలాయన
కిటికీలకు వంటింటి వెండికాగితం అంటించి
చీకటి చేసుకుని పడుకునేవాళ్లం.

"మరి సలికాలంలోనో?"

సలికాలంలో మూడింటికే దీపాలు.
పొద్దున్న చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చేవాణ్ణి.
రోజు మొత్తం మీద నేను చూసిన వెలుగు
నేను పుట్టించిందే, మాస్కులోంచి.

బస్టాపులో మనిషికీ మనిషికీ మధ్య
గేదె పడుకునేంత జాగా వదులుతారు.
మొదటి వారం
నా ఒంట్లోంచి ఏదో వాసనొస్తోందనుకున్నాను.

ఫోర్‌మన్ ఆర్నెని సార్ అని పిలిచాను.
ఎవరొచ్చారా అని
అతను వెనక్కి తిరిగి చూశాడు.

చంటిపిల్లల్ని బండిలో పెట్టి బయట మంచులో నిద్రపుచ్చి
తల్లులు లోపల కాఫీ తాగుతుంటారు.
"ఓర్నాయనో! కుక్కలో?"
"కుక్కలకి తాడుంటాది బావా."
నర్సమ్మ కూడా నవ్వింది.

గోధుమరంగు జున్నొకటుంటుంది,
అడుగంటిన కోవాలాగ.
ఇది చెప్పాక నాలుక్కరుచుకున్నాను.
కోవా అతనికి పెట్టకూడదు.

ఒక ఆదివారం సముద్రం వైపు నడిచాను.
కర్రల పందిళ్లు, పందిళ్ల నిండా తలల్లేని చేపలు,
జంటలు జంటలుగా తోకలు కట్టి
గాలికి వదిలేశారు.
ఆ వాసనకి కాళ్లు ఆగిపోయాయి.
బారువ ఒడ్డు.
మా అమ్మ చీర కొంగు.
నీలవేణికి ఫోన్ చేసి మాట రాక నిలబడ్డాను.
"ఏటయింది? ఏటయిందో సెప్పు!"
"ఏటీ లేదు. సేపలు," అన్నాను.

ఇవన్నీ బావకి చెప్పాను.

చెప్పనిది ఒకటుంది.
దిగిన రోజు గదంతా వెతికాను, నీళ్ల క్యాను ఎక్కడుందా అని.
ఆర్నె కొళాయి తిప్పాడు, దోసిలి పట్టాడు, తాగాడు,
మూతి తుడుచుకుని నా వంక చూశాడు.
మూతి పెట్టాను.
పళ్లు జిల్లుమన్నాయి.
ఏ రుచీ లేదు. ఉప్పు లేదు, సున్నం లేదు, తుప్పు లేదు.
రెండేళ్లు అలాగే తాగాను,
చేతులు కడుక్కునే నీళ్లే.

మన వీధిలో క్యాను ఇరవై రూపాయలు.
ఆ లెక్క మొదలయ్యేసరికే
బావ నలభై ఏళ్లు నుయ్యి నీళ్లు తాగున్నాడు.
ఇప్పుడు రోజుకి మూడు గ్లాసులు,
మాత్రలతో కలిపి.

అక్కడి మనుషులు ఔను అనడానికి
ఊపిరి లోపలికి పీలుస్తారు. "యా" అని,
ముల్లు గుచ్చుకున్నట్టు.
మొదట్లో ఆర్నెకి గుండెనొప్పేమోనని కంగారుపడ్డాను.
అదెప్పుడు అంటుకుందో నాకూ తెలీదు.
ఇంటికొచ్చాక నీలవేణి పట్టుకుంది:
"పిలిస్తే ఉలిక్కిపడతావేటి?"

నిన్న శుక్రవారం.
మూడో గంటలో బావ కళ్లు మూసుకునే అడిగాడు,
"నీళ్లెలాగుంటాయి అక్కడ?
బాగుంటాయా?"

నోరు తెరిచాను.
ఊపిరి లోపలికే పోయింది.

"ఏడస్తన్నావేటి బావా?"
కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

లేదని తలూపాను.
నర్సమ్మ గ్లాసులో ఐసు ముక్క తెచ్చింది.
బుగ్గన పెట్టుకుని, మెల్లిగా,
చాలాసేపు, మాట్లాడకుండా,
దాన్ని అటూ ఇటూ తిప్పుకున్నాడు.